నాయన చూడని వాన

స్క్రీన్‌ప్లే ఎక్కడ నేర్చుకున్నారని ఇంటర్వ్యూల్లో అడుగుతారు. ఏదో పెద్ద ఫిల్మ్ స్కూల్ పేరు చెబుతానని ఎదురుచూస్తారు. అర్ధవీడు పక్కన మా ఊరి చర్చిలో, చాప మీద కూర్చొని నేర్చుకున్నానంటే నవ్వుతారు. నవ్వనీ, నాకేం?

మా చర్చిలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. దేవుడు తనకు చేసిన మేలును లేచి నిలబడి అందరికీ చెప్పాలి. ఆ పనిలో మా నాయనను కొట్టినవాడు లేడు. కూలికి బావి తవ్వుతుంటే గట్టు విరిగి మీద పడిన సంగతి ఎన్నిసార్లు చెప్పాడో! "మన్ను మోకాళ్లకొచ్చె, నడుముకొచ్చె, గొంతుకొచ్చె..." అని అక్కడ ఆపి, తువ్వాలుతో తీరిగ్గా ముఖం తుడుచుకునేవాడు. మనిషి మా ఎదురుగానే నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. అయినా బతుకుతాడో లేదో అని చర్చి అంతా ఊపిరి బిగబట్టేది. మా చిన్నమ్మ ప్రతిసారీ "అయ్యో దేవా" అని ఏడ్చేది. కథను ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆపాలో నాకు ఆ తువ్వాలే నేర్పింది.

అంత బాగా కథ చెప్పే మనిషికి సినిమా అంటే పాపం. మా ఇళ్లల్లో అంతే. హైదరాబాదులో నేనేం చేస్తున్నానని ఎవరైనా అడిగితే "ఏందో రాతపని" అని మాట తప్పించేవాడు. చాలా ఏళ్లు ఇంకొకరి పేరు మీద సీన్లు రాశాను. తర్వాత నా పేరే తెర మీద పడింది. ఆ తర్వాత నేను రాసి, తీసిన సినిమాకు అవార్డు వచ్చింది. కొమరోలు బంధువుల నుంచి కూడా ఫోన్లే ఫోన్లు. నాయన మాత్రం నోరు విప్పలేదు. లోకమంతా చూసి ఆ ఒక్క మనిషి చూడకపోతే ఆ అవార్డు ఎందుకు నాకు, అలమారాలో దుమ్ము పట్టడానికా?

ఆ సినిమాలో అందరూ పొగిడిన షాట్ ఒకటుంది. బోరు ఎండిపోయిన కందిచేలో ఒకామె మోకరించి, కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంది. ఆమె వెనక కొండ మీది నుంచి వాన వచ్చి చేనును తడిపేస్తుంది. ఎక్కడా కట్ లేదు. అది నిజం వాన. దానికోసం హనుమంతునిపాడు దగ్గర యూనిట్ మొత్తాన్నీ ఆపి, నిర్మాత చేత నానా తిట్లూ తిన్నాను.

గిద్దలూరులో సినిమా మళ్లీ వేసినప్పుడు మా ఊరివాళ్లను తీసుకుపోవడానికి వెళ్లాను. తెల్ల చొక్కా వేసుకొని నాయన కూడా ఆటో ఎక్కాడు!

"సినిమాకు రాలేదు నేను. ఆడోళ్లు పోతాండారని తోడొస్తాండా," అన్నాడు.

"సరేలే నాయనా, తోడే రా."

హాల్లో మావాళ్లంతా ఒకే వరుసలో కూర్చున్నారు. నేను తెర వైపు చూడలేదు, నాయన ముఖమే చూస్తున్నాను. ప్రార్థన సీను వచ్చింది. తెర మీద ఆమె "తండ్రీ" అన్నదో లేదో, నాయన తల వంచి కళ్లు మూసుకున్నాడు. చిన్నమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. వరుసకు వరుస తలలు దించేసింది! తెర మీద వాన కురుస్తోంది, ఒక్కరంటే ఒక్కరూ చూడటం లేదు. నాకు ఒళ్లు మండింది. మోచేత్తో నాయనను పొడిచాను. "ష్" అన్నాడు. ఆమె "ఆమేన్" అనగానే వీళ్లంతా "ఆమేన్" అన్నారు. ముందు వరుసవాళ్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు.

నాయన కళ్లు తెరిచాడు. తడిసిన చేను చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఓరి దేవుడా! వాన ఎప్పుడొచ్చింది పాపా?"

"నువ్వు కండ్లు మూసుకున్నప్పుడు! సినిమాకొచ్చి ఎవరన్నా కండ్లు మూసుకుంటారా?"

"ఏందే నీ మాట? ఆయమ్మ ప్రార్థన చేస్తాంటే కండ్లు తెరుచుకొని కూచుంటారా ఎవరన్నా?"



ఆ ఆదివారం ఊళ్లోనే ఉన్నాను. సాక్ష్యాల వేళ నాయన లేచాడు. మళ్లీ బావి కథే అనుకున్నాం.

"గిద్దలూరులో సినిమా చూసినా," అన్నాడు.

చర్చిలో గుసగుసలు రేగాయి. ఆపమన్నట్టు పాస్టరు గారు చెయ్యి ఎత్తారు. పాపం చేశాను క్షమించమంటాడేమో నాయన, అనుకున్నాను. అంటే నా ఇన్నేళ్ల పని అందరి ముందూ పాపం అయిపోయినట్టే కదా!

"మా పాప తీసింది. అందులో ఒకామె వాన కోసం ప్రార్థన చేసె. ఆమెతో పాటు నేనూ చేసినా. కండ్లు మూసుకున్నప్పుడు చేను ఎండిపోయి ఉన్నాది."

అక్కడ ఆపాడు. తువ్వాలు తీసి తీరిగ్గా ముఖం తుడుచుకున్నాడు. సినిమా హాల్లో ఆయన పక్కనే కూర్చున్న చిన్నమ్మ కూడా ఊపిరి బిగబట్టింది.

"తెరిచేసరికి తడిసి ఉన్నాది."

"స్తోత్రం!" అన్నారు పాస్టరు గారు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి. తల మీది కొంగు ముసుగు లోపల నాకు ఏడుపు ఆగలేదు. అవార్డు అందుకున్న రోజు కూడా నేను అంత గర్వపడలేదు. ఆ వానను తీసింది నేనే. చెప్పడంలో మాత్రం మా నాయన తర్వాతే ఎవరైనా.