తట్టి చూసే బిక్షం కాక

సెంటినరీ కాలనీలో బిక్షం కాక పొద్దున టీ తాగేముందు గ్లాసును చేతికర్రతో రెండుసార్లు తట్టి, తల వంచి వింటాడు. తర్వాత కుర్చీని. తర్వాత గోడను. తట్టి చూడనిదే దేన్నీ నమ్మడు. బొగ్గు బాయిలో ముప్పై మూడేళ్లు పైకప్పును కడ్డీతో తట్టి, ఖంగుమంటే మనుషుల్ని పనిలోకి, డొల్లగా మోగితే బయటికి పంపినవాడు. రిటైరయ్యాక పైకప్పు పోయింది, తట్టడం మిగిలింది.

ఓ పెళ్లిలో పెళ్లికొడుకు కుర్చీని తట్టి, "డొల్లగున్నది బిడ్డా, నిలవడి ఉండు" అన్నాడు. ముహూర్తం దాకా పాపం అతను నిలబడే ఉన్నాడు.

ఒకరోజు కాక మా పక్క క్వార్టర్ శోభ కూతురు, నాలుగేళ్ల సహస్ర వెనకాల చేరి స్టీలు గిన్నెను మెల్లగా తట్టాడు. పిల్ల తిరగలేదు.

"మొండిది కాకా. పిలిస్తె పలుకది. బడిల గూడ గిదే కంప్లైంటు" అంది శోభ.

"మొండి గాదు బిడ్డా, దానికి ఇనవడుతలేదు. జల్ది దవాఖానకు తీస్కపో."

కర్ణభేరి వెనక నీరు చేరిందన్నాడు డాక్టర్. చాలామంది పిల్లలకు దానంతటదే పోతుందట. మూడు నెలలు చూద్దామని, చెవిలో నూనె గీనె పోయొద్దని చెప్పాడు.

కాకకు కోపం వచ్చింది. "బాయిల నీళ్లెక్కితె మోటరు పెడ్తరు గని, మూణ్నెల్లు చూసుకుంట కూసుంటరా?"

శోభకు ఫికరు పట్టుకుంది. "మాటలు సక్కగ రాకుంటె ఎట్ల?" అని కూరగాయల బండివాణ్ని కూడా అడిగేది. దానికి తోడు రోజూ సాయంత్రం కాక గిన్నె పట్టుకుని హాజరు. పిల్ల వెనక తట్టడం, ఇంటికి పోయి కాలెండర్ మీద ఏదో గీకడం.

"నీ తట్టుడు బంద్ జెయ్యి కాకా! నా బిడ్డేమన్న బాయి పైకప్పా?"

"కాదు గదా, అందుకే గోటితోని కొడ్తున్న."

మూడు నెలలకు డాక్టర్ అడిగాడు, ఇంట్లో ఎలా వింటోందని. "జెర నయమే సార్" అంది శోభ, ఆశకొద్దీ. వెంట వచ్చిన కాక చంకలోని కాలెండర్ విప్పాడు. పిల్ల ఎన్ని అడుగుల దూరం నుంచి విన్నదో ప్రతి తేదీ కింద ఒక అంకె. మూడు. రెండు. మూడు. మూడు. తొంభై రోజులూ అంతే.

మిషన్ పరీక్ష కూడా అదే చెప్పింది. నీరు తీసి, కర్ణభేరిలో గింజంత గొట్టం పెట్టాలన్నారు.

ఆపరేషన్ గది బయట కాక కర్రను ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. శోభ కాసేపు చూసింది.

"ఏదన్న తట్టు కాకా. నువ్వు సప్పుడు జెయ్యకుంటె నాకు భయమైతాంది."

కాక బెంచీని తట్టాడు. తల వంచి విన్నాడు. "గట్టిగున్నది బిడ్డా."

వారం తర్వాత మళ్లీ సహస్ర వెనక చేరాడు. గోటితో తడుతూ, ఒక్కో అడుగే వెనక్కి జరుగుతూ గేటు దాకా పోయాడు.

"తాతా, లొల్లి జెయ్యకు!" అంది పిల్ల, తల తిప్పి.

ఆ రోజు కాలెండర్ మీద శోభే రాసింది: పదిహేడు.