ఎడమచేత్తో ఇచ్చిన తాళంచెవి

నరసాపురంలో జయశీలని మొండిఘటం అనేవారు. జర్మనీలో జార్‌బ్రూకెన్ యూనివర్సిటీకి వచ్చాక ఆ గుణానికే రీసెర్చ్ అని మర్యాదైన పేరు దొరికింది. పాత డచ్చి బొమ్మల్లో రాజకీయం వెతకడం ఆమె పని. ఏలినవాళ్లని నోరారా తిట్టలేని కాలంలో ఆ తిట్టుని బొమ్మలో ఎక్కడ దాచారో పట్టుకోవాలి.

ఆమె థీసిస్‌కి గుండెకాయ ఒక అచ్చుబొమ్మ. ఓడిపోయిన ఊరిపెద్ద యువరాజు ముందు మోకరిల్లి కోట తాళంచెవి ఇస్తుంటాడు, ఎడమచేత్తో. ఆ చెయ్యి దగ్గర ఇంతవరకూ ఎవరూ ఆగలేదు. చిన్నప్పుడు చర్చిలో కానుక ఎడమచేత్తో వేయబోతే తన చెయ్యి నాన్న పట్టుకుని ఆపాడు. ఆ పిల్ల ఇక్కడ ఆగకుండా ఎలా ఉంటుంది? మోకాలు వంగింది గానీ మనసు వంగలేదని చిత్రకారుడు చెబుతున్నాడంటూ ఓ అధ్యాయమంతా రాసేసింది. గైడు ప్రొఫెసర్ ఎంగెల్‌హార్ట్ మెచ్చుకున్నారు. ఆవిడ మెచ్చుకోవడమే అరుదు.

ఆ మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు ముందు ఆమె ప్రసంగం. అది విన్నాక ఫెలోషిప్ పొడిగించాలో లేదో తేలుస్తారు. పొడిగించకపోతే థీసిస్ అటకెక్కినట్టే. పొద్దున్న కుదురుగా ఇంట్లో ఉండొచ్చుగా! మ్యూజియంలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందని, ఇన్నాళ్లూ కంప్యూటర్‌లో చూసిన బొమ్మని కళ్లారా చూసుకుందామని రైలెక్కింది.

మ్యూజియం ఉద్యోగిని పెట్టె తెరిచి ఆ బొమ్మ ఇచ్చింది. ఇంకా కేటలాగుకి ఎక్కని జోడీ కూడా ఉందంటూ రెండో కాగితం పక్కన పెట్టింది. అదే బొమ్మ, కింద వేసిన సంవత్సరం చూస్తే పదేళ్ల ముందుది. అందులో ఊరిపెద్ద కుడిచేత్తో ఇస్తున్నాడు.

జయశీల రెండు కాగితాలనీ మార్చిమార్చి చూసింది. ఒక అచ్చుబొమ్మని చూసి ఉన్నదున్నట్టు రాగిరేకు మీద చెక్కి మళ్లీ అచ్చేస్తే, అద్దంలో లాగా కుడి ఎడమవుతుంది. తను అసలనుకున్నది నకలు. ఆ ఎడమచెయ్యి తిరుగుబాటూ కాదు, పాడూ కాదు, ఎవడో బద్ధకస్తుడి చలవ. ఈ విద్యలో మొట్టమొదట నేర్పేదే ఇది. తెలిసీ తను సరిచూడలేదు, ఆ చెయ్యి మరీ అంత నచ్చేసింది కాబట్టి.

తిరుగు రైల్లోంచి బ్యోబ్లింగెన్ ఆఫీసులో ఉన్న భర్త కృపాల్‌కి ఫోన్ చేసింది. అతను అంతా విని, ఆ రెండో కాగితం ఇంకెవరైనా చూశారా అని అడిగాడు. లేదంది.

"అయితే ఇవాళ్టికి ఊరుకో జయా. పొడిగింపు రానియ్, తర్వాత దిద్దుకుందువుగాని. దొంగతనమేం చేయట్లేదుగా."

ఆ మాటకి ఆమెకి కోపమొచ్చింది. ఆ మాట నచ్చింది కూడా. అందుకే ఇంకా భయమేసింది.

హాలు నిండింది. ఆమె మాట్లాడుతూ ఆ బొమ్మ దాకా వచ్చి ఆగిపోయింది. ఒక్క నొక్కు నొక్కితే తర్వాతి స్లైడుకి వెళ్లిపోవచ్చు. నొక్కలేదు. పొద్దున్న ఫోన్‌లో తీసుకున్న రెండో బొమ్మని తెర మీద దాని పక్కనే పెట్టి, తన అధ్యాయం ఎందుకు తప్పో తనే చెప్పింది. మా ఊళ్లో ఎడమచేత్తో ఇస్తే అవమానం, ఆ అవమానాన్ని తీసుకెళ్లి డచ్చివాడి చేతిలో పెట్టానని కూడా చెప్పింది.

ఎంగెల్‌హార్ట్ లేచి తెర దగ్గరికి నడిచారు. అయిపోయింది, ఇక పెట్టే బేడా సర్దుకోవడమే అనుకుంది జయశీల.

"నకలులో అన్నీ తిరగబడ్డాయా?" అని అడిగారావిడ.

జయశీల చూసింది. ఇళ్లు తిరగబడ్డాయి, గుర్రం తిరగబడింది. సైనికుల కత్తులు మాత్రం రెండిట్లోనూ ఎడమ నడుముకే వేలాడుతున్నాయి. కుడిచేత్తో దూయాలి కదా, నకలు తీసినవాడు జాగ్రత్తగా సరిచేశాడు. అయితే వాడు బద్ధకస్తుడు కాడు.

చెయ్యి కావాలనే వదిలాడేమోనని లోపల ఆశ ఒక్కసారిగా పొంగింది. ఆ పొంగు చూసే ఆమె జడుసుకుంది. ఇన్నాళ్లూ తనని మోసం చేసింది అదే.

"కత్తులు దిద్దాడు, చెయ్యి దిద్దలేదు," అంది. "కావాలని వదిలేశాడో, మరిచిపోయాడో నాకు తెలీదు."

ఎంగెల్‌హార్ట్ ఆమె వైపు తిరిగారు.

"ఆ అధ్యాయంలో రాసినదంతా తీసేయండి. పొడిగింపు సంగతి నేను చూస్తాను. ఆ ‘తెలీదు’ దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయండి."

జయశీల దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడి, అందరి ముందూ ఏడ్చేసింది.