వత్తులు పోయిన పెండ్లి కార్డు

మెట్‌పల్లిలో ఒక చిన్న ప్రెస్సులో నేను డీటీపీ పని చేసేదాన్ని. యజమానిని చాచా అని పిలిచేదాన్ని. కాలు విరిగిన స్టూలును కూడా బయట పారెయ్యనివ్వని మనిషి. అలాంటి ఆయన మనసు రాయి చేసుకొని తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించాడు. దాని మీద నేను మొదట పట్టిన పని ఒక క్రైస్తవ కుటుంబం వారి పెండ్లి కార్డు. పెండ్లికూతురి తండ్రి కళ్లద్దాలు తుడుచుకొని నా పక్కనే కూర్చున్నాడు.

నేను "క్రీస్తునందు ప్రియులైన" అని కొట్టాను. తెర మీద "కీసునందు పియులైన" అని వచ్చింది.

"కీసునందు అంటె ఏంది బిడ్డా?" అంటూ ఆయన అంగీ జేబు తడుముకున్నాడు. మా దిక్కు జేబును కీస అంటారు. "మా దేవుణ్ణి కీసల ఏస్తివా?" అని నవ్వాడు.

వత్తు అన్నది ఎక్కడా మిగల్లేదు. ఆశీర్వదించాల్సిన బంధువులు "ఆశీరదించ"సాగారు. విందు ఒక్కటే చెక్కుచెదరలేదు, దానికి వత్తు లేదు గనక.

"వైరస్ వచ్చింది. జర మౌసు పీకి మళ్ల పెట్టు," అన్నాడు చాచా. పెట్టాను. వత్తులు రాలేదు.

హైదరాబాదులో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ అబ్బాయికి ఫోను చేశాను. ఎంత మర్యాదస్తుడో!

"ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి మేడమ్."

"చేశాను."

"మరొకసారి చెయ్యండి మేడమ్."

చేశాను. అప్పుడు మొత్తం తీసేసి మళ్లీ వెయ్యమన్నాడు. తీసేస్తే "విజయవంతంగా తొలగించబడింది" అని కంప్యూటరు గర్వంగా ప్రకటించింది. మళ్లీ వేశాను. క్రీస్తు మళ్లీ కీసలోకే వెళ్లాడు.

"ఆదివారం చర్చిల గిట్ల చదివితె నా ఇజ్జత్ ఏమైతది బిడ్డా?" అన్నాడు తండ్రి. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు.

నాకు ఉక్రోషం వచ్చింది. ఫాంట్లుండే ఫోల్డర్ తెరిచి వరసగా చూస్తూ పోయాను. పాత వెర్షన్ తాలూకు ఫాంటు దర్జాగా అక్కడే కూర్చుని ఉంది. కొత్తదానికీ అదే పేరు. పాత సాఫ్ట్‌వేరు పోతూ పోతూ దాన్ని వదిలేసి పోయింది. కొత్తది వచ్చి, ఆ పేరుగలది ముందే ఉంది కదా అని తన ఫాంటు వెయ్యనే లేదు. కొత్తదాని వత్తులు ఆ పాత ఫాంటుకు తెలియవు. తీసెయ్యబోతే "ఈ ఫైలు వాడకంలో ఉంది" అంది కంప్యూటరు.

"పాతది తియ్యకు బేటీ! రేపు పనికొస్తది," అని చాచా కుర్చీలోంచి లేచాడు.

"ఇయ్యాల పని చెడగొడుతుంది చాచా," అన్నాను. అన్నీ మూసేసి, ఈసారి నా అంతట నేనే రీస్టార్ట్ చేసి, ఏదీ తెరవకముందే దాన్ని తీసేశాను. కొత్త వెర్షన్ మళ్లీ వేసి కార్డు తెరిచాను. వత్తులన్నీ ఎక్కడివక్కడ నిలబడ్డాయి. తండ్రి "స్తోత్రం" అని గట్టిగా అన్నాడు. ఆ మాటలోని రెండు వత్తులూ నాకు స్పష్టంగా వినిపించాయి.

కంపెనీ అబ్బాయి ఫోను చేశాడు. బాగైందని చెప్పాను. "రీస్టార్ట్‌తో సమస్య తీరినందుకు సంతోషం మేడమ్. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?"

పెండ్లికి నేనూ చాచా కలిసే వెళ్లాం. పెండ్లికూతురి తండ్రి చాచా చెయ్యి పట్టుకొని పాస్టర్ గారి దగ్గరికి తీసుకుపోయాడు. "కార్డు ఖరాబైతె నేను ప్రార్థన చేసిన అయ్యగారూ. గీ సాబ్ బాగు చేసిండు."

చాచా కాదనలేదు. వినయంగా తల వంచి, వడ్డించే పిల్లవైపు పళ్లెం చాపాడు.