ఖాదర్ భాయ్ వదులుకున్న నంబర్లు

నిన్న మధ్యాహ్నం మదనపల్లె నుంచి ఫోన్. ఖాదర్ భాయ్ పోయారు.

పోయిన వారమే మాట్లాడాం. షుగర్ కంట్రోల్‌లో ఉందని గొప్పగా చెప్పారు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఎనభైల చివర్లో మదనపల్లెలో భాయ్‌కి, కుప్పంలో నాకు చెరొక కంప్యూటర్ ఉండేది. జాబ్ టైపింగే మా బతుకుతెరువు.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, నంబరే తెలుసు. ఇంగ్లీషు ‘ఏ’ ఏ ఊళ్ళోనైనా 65. మరి మన ‘క’ ఎంత? మాకు చెప్పేవాళ్ళు లేరు. ఎవరి నంబర్లు వాళ్ళమే ఇచ్చుకున్నాం.

నేను బడిపిల్లాడిలా అఆల వరుసన ఇచ్చాను. భాయ్ ఇరవై ఏళ్ళు ప్రెస్‌లో అచ్చు అక్షరాలు పేర్చిన మనిషి. అక్షరాల పెట్టెలో ఏ గడి చేతికి దగ్గరో ఆ వరుసన ఇచ్చారు!

ఒకసారి ఆయన ప్రింటర్ చెడిపోయి, పుంగనూరు పాల సంఘం సభ్యుల లిస్టు ఫ్లాపీలో నాకు పంపారు. నేను చూసుకోకుండా మొత్తం ప్రింట్ కొట్టి ఇచ్చేశాను.

సంఘం ప్రెసిడెంట్ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో నా పేరు యాడుండాదప్పా?" అన్నాడు.

ఒక్క పేరూ పేరులా లేదు. భాయ్ నంబర్లకు నా మెషీన్ నా అక్షరాలు కొట్టింది.

నీ నంబర్లు మార్చుకో అంటే నువ్వే మార్చుకో అని ఇద్దరం రెండు నెలలు మాట్లాడుకోలేదు.

తర్వాత మన దేశ భాషలన్నిటికీ కలిపి సర్కారు నంబర్ల పట్టిక ఒకటి వచ్చింది. భాయ్ దాని జిరాక్స్ పట్టుకుని బస్సెక్కి కుప్పం వచ్చేశారు.

"సూడు మునెప్పా, నీదీ వద్దు, నాదీ వద్దు. ఇద్దరమూ దీంట్లోకి పోదాం."

అదీ అఆల వరుసే కాబట్టి నాకు పెద్ద పని లేదు. ఆయనకు ప్రతి ఫైలూ మార్చాలి. పైగా ఆ ఫైళ్ళు ఆయన మెషీన్‌లోనే చదవడానికి వచ్చేవి. కస్టమర్లకు వేరే దారి లేదు.

"యాల భాయ్? మార్చినావంటే వాళ్ళు యాడికైనా పోతారు," అన్నాను.

"పోనీలేప్పా. వాళ్ళ పేర్లు నా దగ్గర మాత్రమే సదవాలంటే, అవింక వాళ్ళ పేర్లెట్లయితాయి?"

ఏడాది పట్టింది. ఒక్కరే కూర్చుని అన్నీ మార్చారు.

పోయేవాళ్ళు పోయారు. పాల సంఘం నా దగ్గరికే వచ్చింది. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

భాయ్ మాత్రం రంజాన్‌కు మా ఇంటికి సేమియా పంపడం మానలేదు.

ఇన్నేళ్ళలో ఆ సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఎదురుగా ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు.

నువ్వు చేసిందే రైటు భాయ్. నీ స్థానంలో నేనుంటే చేసేవాణ్ణి కాదు.

చల్లగా పడుకో. ఆ పైవాడు నిన్ను బాగా చూసుకోవాలి.