గుండీలు కుట్టడమే మిగిలింది

మెడలో టేపు, చెవిమీద సుద్దముక్క, నోట్లో అబద్ధం లేకుండా మా వీధి టైలరు ఎవరికీ కనబడడు. ఎవరు వచ్చి అడిగినా "అయిపోయిందమ్మా, గుండీలు కుట్టడమే మిగిలింది, రేపు రండి" అంటాడు. అప్పటికి ఆ గుడ్డ మడత కూడా విప్పి ఉండడు. అలాంటివాడికి గొంతు కింద గడ్డ లేచింది. డాక్టరు అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. అప్పటినుంచి రోజూ ల్యాబు కిటికీ దగ్గర పడిగాపులు. ఇవాళ లోపలి అమ్మాయి నవ్వుతూ, "అంతా అయిపోయింది బాబాయ్, సంతకం పడటమే మిగిలింది, రేపు రండి" అంది. టైలరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాట పుట్టిల్లు ఆయనకు తెలియదా! "నా ముక్కను ఇంకా సీసాలోంచి తీయనే లేదే" అన్నాడు, తోడొచ్చిన భార్యతో. "అందరూ మీలాగే ఉంటారా ఏంటి?" అందావిడ. దుకాణానికొచ్చి మిషను ముందు కూర్చున్నాడు గానీ, చెయ్యి మాటిమాటికీ గడ్డమీదికే పోతోంది. టేపు పెట్టి దాన్ని కొలిచాడు కూడా. అంతలో ఎదురింటావిడ పోట్లాటకు సిద్ధమై వచ్చింది. "మా ఆయన చొక్కా ఏమైంది అన్నా?" టైలరు గడ్డ మీంచి చెయ్యి తీశాడు. "ఇంకా కత్తిరించలేదమ్మా" అన్నాడు. ఆవిడ పోట్లాట మాని స్టూలు మీద కూలబడింది. "అయ్యో అన్నా! నువ్వు నిజం చెబుతున్నావంటే... రిపోర్టు అంత చెడ్డగా వచ్చిందా?"