నూనె తగిలిన తూటాలు

మా అన్నకి జాగ్రత్త ఒక జబ్బు. బర్మాలోని బోటాటౌంగ్ పేట‌లో ఒక తెలుగు సావుకారు మినుముల గోదాముకి అన్న కాపలాదారు, నేను గుమాస్తా. ఊళ్లో దోపిడీలు ఎక్కువయ్యాయని సావుకారు లైసెన్సు సంపాదించి, రివాల్వరు తెప్పించే ముందు ఏ సైజు కావాలని అన్నని అడిగాడు. సావుకారు మనసు పెద్ద ముప్పై ఎనిమిది మీద ఉంది. అన్న చిన్నది, ముప్పై రెండు చాలన్నాడు.

"పెద్దది ఎనక్కి తంతాది బాబూ. నా సెయ్యా సన్నం. గురి తప్పితే దారినపోయేవోడికి తగుల్తాది. నాను అదుపు సెయ్యగలదే నాకు మంచిది."

తూటాల పెట్టె వచ్చిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తుపాకీ గొట్టం మీద చెక్కిన అంకె, తూటా అడుగున చెక్కిన అంకె చూపించాడు.

"దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు సెల్లీ. రెండిటి మీదా రాత ఒకటే ఉండాల."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. పేల్చినప్పుడు చప్పుడు నీరసంగా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుందని అర్థం, ఇక ట్రిగ్గర్ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే తుపాకీ మన మీదే పేలుతుంది. నేను ఆవులించాను. తుపాకీతో నాకేం పని?

దసరాకి గోదాములో ఆయుధపూజ. కాటా, బస్తాల కొక్కేలు, చక్రాల బండి, అన్నీ కడిగి వరసగా పెట్టాం. అన్న రివాల్వరు ఖాళీ చేసి, ఆరు తూటాలు విడిగా పళ్లెంలో ఉంచి, కొబ్బరికాయలు తేవడానికి వెళ్లాడు. నాకు భక్తి ముంచుకొచ్చింది. నువ్వుల నూనెలో కుంకుమ కలిపి ఒక్కో తూటా అడుగునా బొట్టు పెట్టాను. నిండుగా, నూనె కారేటట్టు. పక్కనున్న ట్వంటే ఊరి మంచినీళ్ల కుండకి కూడా అంత బాగా పెట్టలేదు.

అన్న తిరిగొచ్చి చూసి గతుక్కుమన్నాడు.

"ఏటే ఇది? నూనె లోపలికి దిగితే మందు పాడైపోద్ది. ఇవి ఇంక పనికిరావు."

"అమ్మోరి బొట్టు పెట్టినవి పారేస్తావేటి? నా సెయ్యి అంత సెడ్డదా?"

కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అన్న నా మొహం చూశాడు. తర్వాత తూటాలు గుడ్డతో తుడిచి, అవే తుపాకీలో పెట్టాడు.

దీపావళి వెళ్లిన వారంలో, మధ్యాహ్నం భోజనాల వేళ, ఇద్దరు కత్తులతో గోదాములో జొరబడ్డారు. ఒకడు సరాసరి నా బల్ల వైపు వచ్చాడు. అన్న బెదిరించడానికి పైకి పేల్చాడు. తుస్సుమంది. ఆ చప్పుడుకి అర్థం ఏమిటో అన్నకి తెలుసు. నాకూ తెలుసు. కత్తి పట్టినవాడు మాత్రం ఆగలేదు. అన్న నా వైపు ఒక్కసారి చూసి, వాడికి గురిపెట్టి మళ్లీ నొక్కాడు.

తుపాకీ అన్న చేతిలోనే పగిలింది. ఆ మోతకి దొంగలు పారిపోయారు. అన్న కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

ఆసుపత్రిలో పోలీసులు బర్మా భాషలో అడిగితే, తూటాలు పాతవైపోయాయని చెప్పాడు. సావుకారు నమ్మాడు. అమ్మ నమ్మింది. నేను నోరు విప్పలేదు. నా అంత పిరికిది ఇంకెక్కడా ఉండదు.

ఇప్పుడు అన్న అదే ఊళ్లో సంచౌంగ్ పేట‌లో మా ఇంట్లోనే ఉంటున్నాడు. పెళ్లి భోజనాలకి రాడు, నలుగురి మధ్య ఎడమచేత్తో తినడం నామోషీ. ఇంట్లో నేనే కలిపి ముద్దలు పెడతాను. మొన్న పెడుతూ పెడుతూ ఉండబట్టలేక అడిగేశాను.

"అన్నా, నూనె వల్లే అలాగయిందని నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పుడు తెల్సింది?"

"తుపాకీలో పెట్టినప్పుడే తెల్సే. కొత్తయి ఇమ్మంటే బాబు ఎందుకని అడుగుతాడు, నిన్ను తిడతాడు. అప్పటికే నువ్వు ఏడుస్తన్నావు."

ఆ రోజు నాకు నిజంగా ఏడుపు రాలేదు. నా మాట నెగ్గాలని ఏడ్చాను. ఆ సంగతి అన్నకి ఎలా చెప్పను? ఇంకో ముద్ద పెట్టాను. తిన్నాడు.