టీకాల పడవ రోజుల్లో ఆడిన అబద్ధం

మొన్న ఆదివారం పొద్దున్నే నాకు గడ్డం గీయడానికి కొత్త మంగలి వచ్చాడు. పాతవాడికి నా మొహం కంఠతా వచ్చు. ఎక్కడ మశూచి గుంట ఉందో, ఎక్కడ కత్తి తిప్పాలో వాడి చేతికే తెలుసు. ఈ కొత్తవాడు రెండుచోట్ల గాటు పెట్టి, మూడోచోట ఆగి, కత్తి గాలిలోనే పట్టుకుని, "డాక్టరుగారండీ, ఊరందరికీ టీకాలు వేసినవారు కదండీ, మరి మీకు అమ్మవారు ఎలా పోసిందండీ?" అని అడిగేశాడు. ముప్పై ఏళ్ళుగా నన్ను చూసిన ప్రతివాడి మనసులోనూ ఆ ప్రశ్న ఉండే ఉంటుంది గాని, మొహం మీద అడిగిన మగధీరుడు వీడొక్కడే. టీకాలు ఇంకా తెలియని చిన్నతనంలో పోసిందిలేవోయ్ అని వాణ్ణి పంపేశాను. పంపేశాక, ఈ వయసులో కూడా అదే సంగతి మీద మళ్ళీ అబద్ధమాడానే అని అన్నం సహించలేదు. నాతోపాటు తల నెరిసినవాళ్ళు మీరు. మీతోనైనా నిజం చెప్పుకుంటే నా బరువు కొంత దిగుతుంది.

గోదావరి మీద రైలు వంతెన వస్తుందని ఎవరైనా అంటే నవ్వే రోజులవి. ఆనకట్ట కట్టి ఇంకా పాతికేళ్ళు నిండలేదు. రాజమహేంద్రవరం ఆసుపత్రిలో రెండేళ్ళపాటు కట్లు కట్టడం, మందులు నూరడం, దొరగారి వెనకాల చేతులు కట్టుకు తిరగడం అయ్యాక, పల్లెల్లో ఆరునెలలు పనిచేసి, పెద్ద డాక్టరు ఒకాయన చేత 'వీడు పనికొస్తాడు' అని రాయించుకుంటే తప్ప మాకు పట్టా వచ్చేది కాదు. నన్ను ఎవరికి అప్పగించారో ఆయన్ని గురువుగారనే అంటాను, ఇంకో మాట ఆయనకి సరిపోదు. పొట్టిమనిషి, ముక్కుపొడుం, మహా కోపిష్టి. రామచంద్రపురం దిగువన కాలవల వెంట ఒక పడవలో ఆయనా, నేనూ, తాడు లాగే ఇద్దరు మనుషులూ, మందులపెట్టె. లాకు దగ్గర పడవ ఆగితే చాలు, గట్టు మీద రోగులు కూర్చుని ఉండేవారు. జ్వరాలు, పుండ్లు, విరిగిన చేతులు, పుచ్చిన పళ్ళు, వీళ్ళకిది వాళ్ళకది అని లేదు, అన్నీ మేమే చూడాలి. నేను మొదటిసారి గడ్డ కోసినప్పుడు రోగి కంటే గట్టిగా నేను కేకవేశానని గురువుగారు ప్రతి ఊళ్ళోనూ చెప్పి నవ్వించేవారు. ఆ నవ్వులకి నాకు ఒళ్ళు మండేది, కానీ ఆ ఆరునెలల్లో నేర్చుకున్న వైద్యమే నాకు జీవితాంతం అన్నం పెట్టింది.

అన్నిటికన్నా కష్టమైన పని టీకాలు. ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు, అప్పట్లో టీకా రసం సీసాల్లో వచ్చేది కాదు, మనుషుల మీద నడిచివచ్చేది. ఒక పసిపిల్ల చేతికి టీకా వేస్తే ఎనిమిదో రోజుకి పొక్కు లేచి నీరు పడుతుంది. ఆ రోజునే, ఆ నీటినే సూదిమొనతో తీసి ఇంకో నలుగురైదుగురు పిల్లలకి వెయ్యాలి. వాళ్ళ పొక్కులు ఎనిమిదో రోజుకి పండితే వాళ్ళనుంచి ఇంకో పాతికమందికి. ఒక్క రోజు దాటినా రసం చిక్కబడి పనికిరాదు, పొక్కు చిదిమేసినా అంతే. తాలూకా మొత్తానికి ఆ గొలుసు తెగినట్టే, మళ్ళీ రసం రాజమహేంద్రవరం నుంచి ఎవరి చేతిమీదనో రావాలి. అందుకని పల్లెల్లో తల్లులని బతిమాలుకోవడమే మా చదువులో సగం అయింది.

ఇక నా రహస్యం. నాకు టీకా లేదు. నా చిన్నప్పుడు టీకాల మనిషి మా ఊరు వస్తే, అమ్మవారికి కోపం వస్తుందని మా నాయనమ్మ నన్ను వడ్లగాదెలో దాచేసింది. ఆసుపత్రిలో చేరేటప్పుడు టీకా మచ్చ ఏదని గుమాస్తా అడిగితే, పసితనంలో మూర్ఛ వచ్చినప్పుడు జబ్బ మీద పెట్టిన వాత చూపించాను. ఆయన తలెత్తకుండానే రాసుకున్నాడు. తరవాతైనా వేయించుకోవచ్చు కదా అంటారేమో. నాయనమ్మ పెట్టిన భయం ఒకటి, ఇన్నాళ్ళూ దాచానని తెలుస్తుందన్న సిగ్గు ఒకటి. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అది నేనే.

ఆ యేడు తుని వైపునుంచి వచ్చిన బండ్లవాళ్ళతో అమ్మవారు మా దిగువ పల్లెల్లోకి దిగింది. సంతలో ఒక బండివాడికి ఒళ్ళు కాలిపోతోందంటే నాడి చూసింది నేనే. అది మామూలు జ్వరం కాదని మరునాడు తెలిసింది. అదయిన మూడోనాడు కాలవ చివర ఒక చేపలవాళ్ళ పల్లెలో పని పడింది. అంతకు ఎనిమిది రోజుల ముందు అక్కడ ఒక్క తల్లి మాత్రం, తన ఏడాదిన్నర పిల్లకి గురువుగారి చేత టీకా వేయించుకుంది. చేపలబుట్ట మోసే మనిషి, మొహం నిండా అమ్మవారి మచ్చలు. అంతకుముందు ఇద్దరు బిడ్డల్ని ఆ జబ్బుకే పోగొట్టుకుంది. ఆ పిల్ల పొక్కు చక్కగా పండింది. గురువుగారు వేరే ఊరిలో కాన్పు కష్టమైందంటే వెళ్ళారు. రసం తీసి ఐదుగురు పిల్లలకి వెయ్యమని నాకు అప్పగించారు.

పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వచ్చారు గాని, కులపెద్ద అడ్డం నిలబడ్డాడు. ముందు తమరి చెయ్యి చూపించండని అడిగాడు. అందరి కళ్ళూ నా జబ్బ మీదే. ఆ పిల్ల పొక్కు సాయంత్రానికి పనికిరాదు. నాకు టీకా లేదని చెబితే గొలుసు తెగుతుంది. చొక్కా పైకి తోసి, వాత చూపించి, ఇదిగో చూడండి అన్నాను. కులపెద్ద దాన్ని వేలితో తడిమి చూసి పక్కకి తప్పుకున్నాడు. ఐదుగురికీ టీకాలు వేశాను. మంచిపనికే కదా అబద్ధం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఆ టీకాలు వేసిన ఆరోనాటికి నాకు జ్వరం తగిలింది. నడుము విరిగిపోతున్నట్టు నొప్పి. ఎండదెబ్బ అన్నాను. సరిగ్గా ఎనిమిదోనాడు, ఆ ఐదుగురి పొక్కుల్లోంచీ రసం తీయవలసిన పొద్దున్న, పడవ ఆ పల్లె రేవులో ఆగేసరికి నా నుదుటి మీద ఎర్రటి మచ్చలు లేచాయి. గురువుగారు నా మొహం చూశారు. నా చొక్కా చేతిని పైకి తోసి ఆ వాతని చూశారు. ఆయన తిట్టలేదు. రెండేళ్ళ చదువులోనూ అంత భయం నాకు ఎప్పుడూ కలగలేదు.

రేవులో కబురు క్షణంలో పాకింది. టీకాల డాక్టరుకే అమ్మవారు పోసిందట! ఐదుగురు తల్లులూ వేపాకు నీళ్ళతో పిల్లల చేతులు తోమడానికి పరిగెత్తారు. గురువుగారు వాళ్ళకి అడ్డంపడి, ఇతను టీకా వేయించుకోలేదు, మీకు అబద్ధం చెప్పాడు అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. అప్పుడు కులపెద్ద అన్న మాట నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. "అయ్యగారండీ, ఆవేళ చెప్పింది అబద్ధమైతే ఇయ్యాళ చెప్పేది నిజమని ఏంటండి నమ్మకం?" పక్క ఊళ్ళో అప్పటికే పిల్లలు పోతున్నారు.

నన్ను ఊరికి దూరంగా వలలు దాచుకునే పాకలో పడుకోబెట్టారు. జనం దూరంగా గుమిగూడారు. కాసేపటికి ఆ చేపలబుట్ట తల్లి, పిల్లని చంకనెత్తుకుని నేరుగా పాక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకి ఒకసారి పోసింది కనుక మళ్ళీ రాదు, భయమంతా పిల్లకే.

"బాబుగారండీ, ఆవేళ మీ చెయ్యి చూపించి అబద్ధం ఆడారు. అది మీ చెయ్యి, మీ ఇష్టం. ఇప్పుడు నా పిల్ల చెయ్యి సంగతి చెప్పండి. దీనికి ఇంక అమ్మవారు రాదన్నది నిజమేనాండీ, కాదాండీ? కాదంటే ఇక్కణ్ణించే ఎత్తుకుపోతాను."

వద్దమ్మా, లోపలికి రాకు అనబోయాను. అంటే నాకే నమ్మకం లేదని చాటినట్టు, ఆ ఐదు పొక్కులూ వేపాకు నీళ్ళలో కలిసిపోయినట్టు. నిజమే అందామంటే నాకేం తెలుసు? పుస్తకంలో చదివాను, గురువుగారు చెప్పగా విన్నాను. పిల్ల చేతి మీద టీకా చక్కగా పండి మానడం కళ్ళారా చూశాను, అంతే. గురువుగారి వైపు చూస్తే ఆయన కళ్ళు దించేసుకున్నారు. ఈ జవాబు నువ్వే చెప్పాలన్నట్టు నిలబడ్డారు. నిజమేనమ్మా అన్నాను.

"ఇద్దర్ని ఇచ్చేశానండి ఆ తల్లికి. ఇది దక్కుద్దో దక్కదో తెలీకుండా రోజూ భయపడలేనండి. తేలిపోనివ్వండి" అని, ఊరంతా చూస్తుండగా పిల్లని తెచ్చి నా చాప మీద, నా పక్కనే కూర్చోబెట్టింది.

కొంతసేపటికి ఐదుగురిలో ఒకావిడ వేపాకు ముంత కింద పెట్టేసి, గురువుగారి ముందుకొచ్చి పిల్లాడి చెయ్యి చాపింది. తరవాత మిగతావాళ్ళూ వచ్చారు. ఆ పూట పాతికమందికి పైగా టీకాలు పడ్డాయి. కులపెద్ద మాత్రం గురువుగారితో, ఆ పిల్లకి ఏమైనా అయిందా, మీ పడవ ఈ రేవు దాటదండి అని మర్యాదగానే చెప్పాడు.

తల్లీ పిల్లా ఆ పాకలోనే ఉండిపోయారు; పిల్లకి అంటిందో లేదో తేలాలంటే పధ్నాలుగు రోజులు గడవాలి. నా కళ్ళు వాచి మూసుకుపోయాయి. పిల్లని చూసే యోగం కూడా లేదు, చెవులతోనే కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. నవ్వితే బాగున్నట్టు, ఏడిస్తే నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ తల్లి గంజి కాచి నోట్లో పోసేది, వేపరెమ్మతో ఈగలు తోలేది, ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో! పదోనాడు పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. తల్లి ఆ మాట నెమ్మదిగా చెప్పింది. ఆవేళ పల్లెలో ఎవరూ వేటకి పోలేదట. కులపెద్ద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గురువుగారు పిల్లని ఒళ్ళో వేసుకుని అరికాళ్ళనుంచి నెత్తిదాకా వెతికారు, చెవుల వెనక చూశారు, ఆఖరికి నోట్లో వేలు పెట్టారు. పిల్ల ఆ వేలు కసుక్కున కొరికింది. ఆయన అబ్బా అని కేకవేసి, దవడపన్ను రా, దవడపన్ను వస్తోంది అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఇంకో మూడురోజులు చూశాక, జ్వరం పోయి, పన్ను పైకి వచ్చాక, అప్పుడు నవ్వారు.

ఆ పిల్లకి ఏమీ కాలేదు. నేను లేచి నడవగలిగాక గురువుగారు నన్ను ఇంటింటికీ తిప్పి, నేను అబద్ధమాడాను, మన్నించండి అని ప్రతి గుమ్మంలోనూ చెప్పించారు. నా ఆరునెలలూ కొట్టేసి మళ్ళీ మొదటినుంచి చేయించారు. 'పనికొస్తాడు' అని ఆయన రాసిచ్చేసరికి ఇంకో యేడు పట్టింది. ఆ తల్లి దగ్గర సెలవు తీసుకుంటుంటే, ఈసారి మీరూ వేయించుకోండి బాబూ అని వేళాకోళమాడింది. ఇంక నాకు టీకా అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు.

తరవాత పాలకొల్లులోనూ ఇంకా ఎన్నో ఊళ్ళలోనూ పనిచేశాను. ఇప్పుడు రసం దూడలనుంచి తీసి, గాజుగొట్టాల్లో రైలెక్కి వస్తోంది. ఏ తల్లీ తన పిల్ల చెయ్యి ఇంకొకరి కోసం చాపనక్కర్లేదు. వరసగా నిలబడతారు, వేయించుకుంటారు, పోతారు. పిల్లలు బతుకుతున్నారు, అంతకన్నా ఏం కావాలి! అయినా, ఇది నిజమేనా అని నా కళ్ళలోకి చూసి అడిగే మనిషి లేకుండా పోయాక, ఆ పనిలో నాకు ఏదో వెలితిగానే ఉండేది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, ఇది మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. పాలకొల్లులో ఉండగా మా బావమరిదికి అమ్మవారు పోసింది. వెనకగదిలో ఉంచాం. మా పెద్దమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు, నా చేతులతో నేనే రెండుసార్లు టీకా వేసిన పిల్ల. మామయ్యకి మంచినీళ్ళు ఇస్తానని చెంబు పట్టుకుని గడపలో కాలు పెట్టింది. నేను వెనకనుంచి దూకి దాని రెక్క పట్టుకుని ఇవతలికి లాగేశాను. చెంబు జారి నీళ్ళన్నీ ఒలికిపోయాయి. టీకా వేశారు కదండీ, ఇంకేం భయం అని మా ఆవిడ అడిగింది. పిల్లని అవతలికి పంపి, నేనే ఇంకో చెంబుతో నీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళాను.